పదహారో పిన్నులో కరెంటు ఎందుకుండాలి? ఓబీడీ పోర్టు కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక చిన్న ప్లాస్టిక్ సాకెట్ చరిత్ర చెప్పుకుందాం. మీ కారులో స్టీరింగ్ కింద, మోకాలికి దగ్గర్లో ఉంటుంది. రెండు వరసలు, వరసకి ఎనిమిది, మొత్తం పదహారు గూళ్లు. దాన్ని ఓబీడీ పోర్టు అంటారు. మెకానిక్ స్కానర్ తెచ్చి గుచ్చేది అక్కడే. చాలామంది కారు కొన్న దగ్గర్నుంచి అమ్మేదాకా దాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

ఒక సందర్భం ఊహించుకోండి. ఎచ్చెర్ల. శ్రీకాకుళం నుంచి విశాఖ వైపు వచ్చే హైవే మీద ఊరు. మనం ఇప్పటికీ ఐదో నంబరు రోడ్డు అనే అంటాం గానీ, కాగితాల మీద అది పదహారో నంబరు జాతీయ రహదారి అయి చాలా ఏళ్లయింది. అంబేద్కర్ యూనివర్సిటీ, ట్రిపుల్ ఐటీ, కాస్త ముందుకొస్తే చిలకపాలెం జంక్షన్, ఇంకా ముందుకొస్తే పైడిభీమవరం ఫ్యాక్టరీలు. ఈ దారిలో తిరిగే ట్యాక్సీ ఒకటి షెడ్డుకొచ్చింది. డ్యాష్‌బోర్డులో ఇంజన్ బొమ్మ లైటు వెలుగుతోంది. కుర్రాడు స్కానర్ పెట్టాడు. వెలగలేదు. తీసి మళ్లీ పెట్టాడు. ఉహూఁ. "బావూ, కంప్యూటర్ పోనాది" అన్నాడు.

ఆ ఒక్క మాట ఖరీదు ఎంతో తెలుసా అండి? ఇంజన్ కంప్యూటర్, అంటే ఈసీయూ, మార్చాలంటే వేలల్లో పని. కొన్ని బండ్లకి ఇంకా ఎక్కువ. రోజువారీ కిరాయి మీద బతికే డ్రైవరుకి అది చిన్న మొత్తం కాదు. పైగా బండి ఆగిన రోజుల సంపాదన కూడా పోతుంది. కానీ స్కానర్ వెలగకపోవడానికీ, కంప్యూటర్ పోవడానికీ సాధారణంగా సంబంధం లేదు. ఎందుకు లేదో తెలియాలంటే ఈ సాకెట్ ఎలా పుట్టిందో తెలియాలి. అందుకే ఈ కథ.

ముందు సాకెట్ లేని రోజులు చూద్దాం. అంబాసిడర్ 1950ల చివర్లో మన రోడ్ల మీదకొచ్చింది. మారుతి 800 1983 డిసెంబర్‌లో వచ్చింది. రెండింటికీ మొదట్లో కార్బ్యురేటరే. పెట్రోలు, గాలి కలిసే పని గొట్టాలు, స్క్రూలు, స్ప్రింగులు చూసుకునేవి. బండికి జబ్బు చేస్తే మెకానిక్ చెవి పెట్టి వినేవాడు, పొగ రంగు చూసేవాడు, ప్లగ్గు విప్పి మసి చూసేవాడు. కరెంటు విషయానికొస్తే అతని దగ్గర ఉన్న పరికరం ఒకటే: ఒక బల్బు, దానికి రెండు వైర్లు. బల్బు వెలిగితే కరెంటు ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. ఈ బల్బుని గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పనుంది.

ఇప్పుడు చాలా దూరం వెళ్దాం. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరం, 1943 జులై. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది. ఒకరోజు ఊరంతా మసకగా కమ్మేసింది. కళ్లు మండాయి, గొంతులు మండాయి. జపాన్ వాళ్లు విషవాయువు వదిలారేమో అని కూడా జనం భయపడ్డారు. దాడి ఏమీ లేదు. ఆ పొగమంచు మళ్లీ మళ్లీ వచ్చింది. కారణం చెప్పినవాడు ఆరీ హాగెన్-స్మిట్ అనే రసాయన శాస్త్రవేత్త, నెదర్లాండ్స్‌లో పుట్టినాయన. అప్పటిదాకా ఆయన పని అనాసపండు వాసన దేని వల్ల వస్తుందో తేల్చడం లాంటిది. అదే చేత్తో ఊరి గాలిని పరీక్షించి, 1950ల మొదట్లో తేల్చి చెప్పాడు: కార్ల నుంచీ, చమురు శుద్ధి కర్మాగారాల నుంచీ వచ్చే ఆవిర్లు ఎండ తగిలి ఈ విషంగా మారుతున్నాయని.

కార్ల కంపెనీలు సులువుగా ఒప్పుకోలేదు. అయినా 1967లో కాలిఫోర్నియా రాష్ట్రం గాలి నాణ్యత కోసం ప్రత్యేకంగా ఒక బోర్డు పెట్టింది. దాని మొదటి అధ్యక్షుడు ఈ హాగెన్-స్మిటే. 1970లో అమెరికా దేశమంతటికీ గట్టి గాలి చట్టం వచ్చింది. పొగ తగ్గించాలంటే పెట్రోలు కొలత కచ్చితంగా ఉండాలి. స్క్రూలతో అంత కచ్చితత్వం రాదు. అలా కార్లలోకి సెన్సర్లు వచ్చాయి, కంప్యూటర్ వచ్చింది.

చూశారా, కారులో కంప్యూటర్ స్థిరపడటానికి పెద్ద కారణం పొగ. సోకు కోసమో, వేగం కోసమో వచ్చింది కాదు.

కంప్యూటర్ వచ్చాక కొత్త చిక్కు వచ్చింది. దాని జబ్బు చెవికి వినపడదు. దాన్ని అడగాలి, అది చెప్పాలి. అడగడానికి ఒక ద్వారం కావాలి. 1970ల మొదట్లోనే ఫోక్స్‌వ్యాగన్ తన కార్లలో పరీక్ష కోసం ఒక సాకెట్ పెట్టింది. 1980ల మొదట్లో జనరల్ మోటార్స్ ఇంకో రకం పెట్టింది. అందులో ఒక తమాషా ఉండేది. సాకెట్లో రెండు పిన్నుల్ని ఒక గుండుసూదో, కాగితాల క్లిప్పో పెట్టి కలిపితే చాలు, ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటూ జబ్బు నంబరు చెప్పేది. ఒకసారి వెలిగి, ఆగి, రెండుసార్లు వెలిగితే పన్నెండు అని లెక్క. స్కానర్ అక్కర్లేదు.

కానీ ప్రతి కంపెనీకీ తన సాకెట్, తన భాష. ఒకరి పరికరం ఇంకొకరి బండికి పనిచేయదు. అన్ని రకాలూ కొనే స్తోమత పెద్ద షోరూములకే ఉంటుంది, రోడ్డు పక్క షెడ్డుకి ఉండదు. అంటే బండి నీదే, జబ్బు నీదే, ఆ జబ్బు పేరు తెలుసుకునే హక్కు మాత్రం కంపెనీది.

ఇక్కడే కథ మలుపు తిరిగింది. 1988లో అమెరికా ఆటోమొబైల్ ఇంజనీర్ల సంఘం అందరికీ ఒకే సాకెట్ ఉండాలని సిఫారసు చేసింది. 1990లో గాలి చట్టాన్ని సవరించినప్పుడు ఇంకో మెట్టు ఎక్కారు. పొగకి సంబంధించిన జబ్బుల సమాచారం తీయడానికి కంపెనీ దగ్గర మాత్రమే దొరికే రహస్య కోడుగానీ, ప్రత్యేక పరికరంగానీ అవసరం ఉండకూడదు, ఆ వివరాలు బయటి మెకానిక్కులకీ ఇవ్వాలి అని చట్టంలోనే రాశారు. 1996 మోడల్ నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కారుకీ ఓబీడీ-2 తప్పనిసరి అయింది. అదే ఈ పదహారు పిన్నుల సాకెట్.

ఈ పదహారింటిలో చాలా వాటిని కంపెనీల ఇష్టానికి వదిలేశారు. కొన్నింటిని మాత్రం గట్టిగా కట్టేశారు. నాలుగో పిన్ను బాడీ ఎర్త్. అయిదో పిన్ను సిగ్నల్ ఎర్త్. ఆరు, పద్నాలుగు కలిపి క్యాన్ అనే మాటల దారి. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో ప్రకటించిన పద్ధతి ఇది, 2008 మోడల్ నుంచి అమెరికాలో అందరికీ తప్పనిసరి చేశారు. పాత బండ్లలో ఏడో పిన్ను మీద వేరే భాష నడిచేది. ఇక పదహారో పిన్ను, అన్నిటికంటే చివరిది, బ్యాటరీ పాజిటివ్.

ఈ పదహారో పిన్నే ఈరోజు మన కథానాయకుడు. దాన్లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉండాలి. ఇంజన్ ఆగి ఉన్నా సరే, తాళం తీసేసి ఉన్నా సరే. ఎందుకలా పెట్టారు? స్కానర్ సొంత బ్యాటరీ లేకుండా, చవగ్గా, జేబులో పట్టేంత ఉండాలంటే దానికి తిండి బండే పెట్టాలి కదా. స్టార్ట్ కాని బండిలోనూ పనిచేయాలి, ఏ ఊళ్లో ఎవరు గుచ్చినా వెలగాలి. అందుకని చాలా బండ్లలో ఆ కరెంటు కంప్యూటర్ గుండా రాదు. బ్యాటరీ నుంచి ఒక ఫ్యూజ్, ఫ్యూజ్ నుంచి వైరు, వైరు నుంచి పదహారో పిన్ను. అంతే దారి.

ఇప్పుడు ఎచ్చెర్ల షెడ్డుకి తిరిగొద్దాం. స్కానర్ వెలగలేదు. అంటే ఏం తెలిసింది? బ్యాటరీ నుంచి స్కానర్ దాకా ఉన్న ఆ దారిలో ఎక్కడో తెగింది, లేదా ఎర్త్ తెగింది. కంప్యూటర్ సంగతి ఏమీ తెలియలేదు. బండి స్టార్ట్ అవుతోంది, సాఫీగా నడుస్తోంది అంటే కంప్యూటర్ బతికే ఉంది, లేకపోతే ఇంజన్ తిరగదు. కంప్యూటర్ని అనుమానించాల్సిన పరిస్థితి వేరు: స్కానర్ చక్కగా వెలిగి, బండితో మాట మాత్రం కలవకపోతే. అప్పుడు కూడా ముందు చూడాల్సింది వైర్లనే. ఈ రెండు పరిస్థితుల్ని కలిపేస్తేనే డబ్బు పోతుంది.

ఇంకో మాట. ఇప్పుడు సొంత బ్యాటరీ ఉన్న ట్యాబ్లెట్ స్కానర్లు వచ్చాయి. అవి పోర్టులో కరెంటు లేకపోయినా వెలుగుతాయి, "కనెక్ట్ కాలేదు" అంటాయి. అక్కడ మోసపోకండి. ముందు పోర్టులో కరెంటు ఉందో లేదో చూడండి.

ఎలా చూడాలి? మల్టీమీటర్‌ని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టండి. సాకెట్ వెడల్పు వైపు పైకి ఉండేట్టు చూసుకుంటే పై వరస ఎడమ నుంచి ఒకటి మొదలు ఎనిమిది, కింది వరస తొమ్మిది మొదలు పదహారు. కింద కుడి చివరిది పదహారు. కొన్ని బండ్లలో సాకెట్ తలకిందులుగా బిగిస్తారు, అది చూసుకోండి. ఎర్ర వైరు పదహారుకి, నల్ల వైరు నాలుగుకి. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మంచి బ్యాటరీ అయితే 12.6 వోల్టుల దగ్గర చూపించాలి.

సున్నా వచ్చిందా? కంగారు పడకండి. ఎర్ర వైరు పదహారులోనే ఉంచి, నల్ల వైరుని రంగు లేని బాడీ ఇనుముకి తాకించండి. ఇప్పుడు 12 వచ్చిందంటే కరెంటు వస్తోంది, ఎర్త్ తెగింది. నాలుగో పిన్ను వైరు వెనకాల వెళ్లి, ఆ బోల్టు ఎక్కడుందో చూసి, విప్పి, గీకి, మళ్లీ బిగిస్తే సరిపోవచ్చు. బాడీకి తాకించినా సున్నాయే అంటే కరెంటే రావట్లేదు. అప్పుడు ఫ్యూజ్ దగ్గరికి వెళ్లాలి.

ఫ్యూజ్‌కి కూడా కథ ఉంది. పాత బండ్లలో గాజు గొట్టం ఫ్యూజులు, వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే ఉండేవి. ఇప్పుడు మనం చూసే రంగురంగుల బ్లేడు ఫ్యూజ్‌ని 1976లో లిటిల్‌ఫ్యూజ్ అనే అమెరికా కంపెనీ తెచ్చింది. రంగుని బట్టి బలం: ఎరుపు పది ఆంపియర్లు, నీలం పదిహేను, పసుపు ఇరవై. దాని నెత్తి మీద రెండు చిన్న లోహపు చుక్కలు ఉంటాయి గమనించండి. ఫ్యూజ్ పీకకుండానే అక్కడ తాకించి చూడొచ్చు. రెండు చుక్కల్లోనూ 12 ఉంటే ఫ్యూజ్ మంచిది. ఒకదాన్లోనే ఉంటే పోయింది.

మరి ఏ ఫ్యూజ్? ఇక్కడే చాలామంది తప్పిపోతారు. మూత మీద ఓబీడీ అని రాసి ఉంటుందని వెతుకుతారు, చాలా బండ్లలో ఉండదు. పోర్టు కరెంటుని సిగరెట్ లైటర్‌తోనో, ఆడియోతోనో, లోపలి లైటుతోనో కలిపేస్తారు. అందుకే బండి పుస్తకం చూడండి. పుస్తకం లేకపోతే ఇంకేవి పనిచేయట్లేదో చూడండి. లైటర్ సాకెట్లో ఫోన్ ఛార్జింగ్ ఎక్కట్లేదా? అదే ఫ్యూజ్ కావచ్చు. చవక ఛార్జర్ ఒకటి లోపల షార్ట్ అయినా, ఒక రూపాయి బిళ్ల ఆ గుంటలో పడినా ఫ్యూజ్ కాలిపోతుంది, దాంతోపాటు పోర్టు కూడా చచ్చిపోతుంది. కంప్యూటర్‌కి పాపం ఏ పాపమూ తెలియదు.

పోయిన ఫ్యూజ్ స్థానంలో అదే బలమున్నదే పెట్టండి. పదికి ఇరవై పెట్టడం, రాగి తీగ చుట్టడం చేయొద్దు. ఫ్యూజ్ ఉన్నది వైరు కాలకుండా కాపాడటానికి. మీరు ఫ్యూజ్‌ని బలంగా చేస్తే, ఈసారి కాలేది వైరు. కొత్త ఫ్యూజ్ పెట్టగానే మళ్లీ పోయిందంటే ఎక్కడో షార్ట్ ఉంది. దాన్ని వెతకాలి. ట్యాక్సీలకి జీపీఎస్ ట్రాకర్లు బిగిస్తారు కదా, ఆ వైర్లని కొందరు పోర్టు వెనక వైర్లకే కోసి కలుపుతారు. ముందు అక్కడ చూడండి. ఆ చోట పసుపు రంగు తొడుగున్న వైర్లుంటే ఎయిర్‌బ్యాగువి కావచ్చు, వాటి జోలికి వెళ్లొద్దు.

ఫ్యూజ్ బాగుంది, మీటర్ 12 చూపిస్తోంది, అయినా స్కానర్ వెలగట్లేదు. ఇది మన ప్రాంతంలో బాగా తెలియాల్సిన విషయం. సముద్రం దగ్గరున్న ఊళ్లు మనవి. ఉప్పు గాలి. పైగా తుపానులు: 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర దాటింది. నీళ్లలో నిలిచిన బండిలో వైర్ల చివర్లు చిలుము పట్టి, లోపల నాలుగు పోగులే మిగులుతాయి. మీటర్ లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఆ నాలుగు పోగుల మీద కూడా అది 12 చూపిస్తుంది. స్కానర్ కరెంటు లాగగానే వోల్టేజి పడిపోతుంది. ఇక్కడ కావాల్సింది ఇందాక గుర్తుపెట్టుకోమన్న అంబాసిడర్ కాలం బల్బు! పదహారుకీ నాలుగుకీ మధ్య చిన్న బల్బు పెట్టండి. గట్టిగా వెలిగితే దారి బాగున్నట్టు. మినుకుమంటే చిలుము ఉన్నట్టు. ఆ బల్బుని మిగతా పిన్నుల్లో మాత్రం పెట్టొద్దు, అవి మాటల దారులు, దెబ్బతినొచ్చు. అలాగే లావు సూదులు గుచ్చితే లోపలి రేకు వెడల్పయి పట్టు పోతుంది. ఒక్కోసారి పిన్నే వెనక్కి జారిపోయి ఉంటుంది, టార్చి వేసి చూస్తే కనిపిస్తుంది.

లారీలు, బస్సులు చేసేవాళ్లకి ఒక మాట. అవి చాలావరకు 24 వోల్టులు. వాటి సాకెట్ మధ్య గాడిని కావాలనే వేరుగా చేశారు, కారు స్కానర్ పొరపాటున దూరకుండా. బలవంతం చేయకండి.

ఇదంతా మన దేశానికి ఎప్పుడొచ్చింది? 1999లో ఢిల్లీ కాలుష్యం మీద ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు కొత్త కార్లకి యూరో ప్రమాణాలు ముందుకు తెచ్చింది. 2010 ఏప్రిల్ 1న హైదరాబాద్‌తో సహా 13 నగరాల్లో బీఎస్-4 మొదలైంది, దాంతోపాటు ఓబీడీ మొదటి దశ. 2013 ఏప్రిల్ నుంచి రెండో దశ. ఆ 13 నగరాల్లో విశాఖ కూడా లేదు, ఇక ఎచ్చెర్ల సంగతి చెప్పాలా! బీఎస్-4 దేశమంతటికీ వచ్చింది 2017 ఏప్రిల్‌లో. తర్వాత అయిదో మెట్టు వదిలేసి 2020 ఏప్రిల్‌లో నేరుగా బీఎస్-6. అమెరికా షెడ్లకి ఇరవై, ముప్ఫై ఏళ్లు పట్టిన మార్పు మన షెడ్లలో పదేళ్లలో జరిగింది. ఆ కుర్రాడు తొందరపడి "పోనాది" అన్నాడంటే తప్పు అతనొక్కడిదే కాదు. నేర్చుకునే వ్యవధి ఎవరూ ఇవ్వలేదు.

సమాచారం కూడా ఇవ్వలేదు. ఇది నేను అంటున్న మాట కాదు. విడిభాగాలూ, పరీక్ష పరికరాలూ, రిపేరు పుస్తకాలూ బయటి మెకానిక్కులకి అందకుండా చేస్తున్నారని 2011లో ఒక ఫిర్యాదు కాంపిటీషన్ కమిషన్ ముందుకెళ్లింది. 2014 ఆగస్టు 25న కమిషన్ 14 కార్ల కంపెనీలకి మొత్తం 2,544 కోట్ల రూపాయల పైచిలుకు జరిమానా వేసింది, అవన్నీ బయటివాళ్లకీ అందుబాటులో ఉంచాలని చెప్పింది. కంపెనీలు అప్పీళ్లకి వెళ్లాయి. కానీ ఆ తీర్పు ఒక విషయం కాగితం మీద పెట్టింది: అమ్మేసిన బండి మీద కంపెనీ పట్టు ఎంతవరకు అనే ప్రశ్న.

అమెరికా చట్టంలో 1990లో రాసిన మాటా, మన కమిషన్ 2014లో చెప్పిన మాటా ఒకే వైపు చూస్తున్నాయి. బండికి ఏమైందో అడిగే హక్కు బండి గలవాడికీ, అతను నమ్మిన మెకానిక్‌కీ ఉండాలి. ఆ అడగడం మొదలయ్యేది పదహారో పిన్నులో ఉన్న 12 వోల్టుల దగ్గర. అది లేకపోతే చట్టం ఎంత గొప్పదైనా స్కానర్ చీకట్లోనే ఉంటుంది. అది తిరిగి తెప్పించడానికి చాలాసార్లు కావాల్సింది ఒక ఫ్యూజ్, ఒక బల్బు, ఒక అరగంట ఓపిక.

కాబట్టి ఈసారి ఎవరైనా కంప్యూటర్ పోయిందంటే గొడవ పడకండి. ఒక్క మాట అడగండి: "పదహారులో కరెంటు చూశావా బాబూ?" అని. చూడకపోతే చూడమనండి. మీరూ పక్కన నిలబడి చూడండి, నేర్చుకోవడంలో నామోషీ ఏముంది?

ఈ ఎపిసోడ్ మీకు తెలిసిన మెకానిక్‌కి వినిపించండి.